నిద్రపోని కంప్యూటర్ల లెక్క

రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ఆఫీసు రెండో అంతస్తులో లైట్లు తీసేశారు, ఏసీ ఆగి అరగంటైంది. అయినా హాలు పూర్తిగా చీకటి కాలేదు. బల్లల కింద సీపీయూల మీద సన్నటి తెల్ల దీపాలు వెలుగుతున్నాయి. పగలు మనుషుల సందడిలో వినపడని ఫ్యాన్ల హోరు ఇప్పుడు చెవికి తగులుతోంది. వరసల మధ్య నడుస్తూ లెక్కపెట్టాను. 62 డెస్క్‌టాప్‌లలో 27 నడుస్తూనే ఉన్నాయి.

అకౌంట్స్ మేడమ్ సిస్టమ్‌కి సాయంత్రమే, ఆమెను అడిగి, ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య చిన్న వాట్ మీటరు పెట్టాను. వంగి చూస్తే అంకెలు 44, 46, 45 మధ్య ఆడుతున్నాయి. మానిటరు మీద కంపెనీ లోగో ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతోంది. స్క్రీన్‌సేవర్ కరెంటు ఆదా చేస్తుందని మా ఆఫీసులో సగం మంది నమ్మకం. పాత గాజు గొట్టపు తెరల కాలంలో ఒకే బొమ్మ ఎక్కువసేపు నిలిచిపోతే మచ్చ పడేది. అది పడకుండా చేసుకున్న ఏర్పాటు అది. ఈ రోజుల్లో దానివల్ల ఒక్క వాటు మిగలదు, మానిటరు తన 20 వాట్లూ తాగుతూనే ఉంటుంది. లాక్ తెర మీదున్న పవర్ గుర్తు నొక్కి స్లీప్ ఇచ్చాను. ఫ్యాను ఆగింది. మీటరు 45 నుంచి 30కి, 8కి, చివరికి 2కి దిగి అక్కడ నిలిచింది.

ఆ 43 వాట్ల తేడా మీద మా ఆఫీసులో ఆరు నెలలుగా వాదం నడుస్తోంది. అన్ని కంప్యూటర్లనూ ఒకే చోటి నుంచి నిద్రపుచ్చి, అవసరమైతే లేపి, ఏది ఎంత కరెంటు తాగిందో నెలనెలా నివేదిక ఇచ్చే సాఫ్ట్‌వేర్ కొనాలని కొందరు అంటున్నారు. సజావుగా నడుస్తున్నవాటి జోలికి పోవద్దని మరికొందరు. పద్దెనిమిదేళ్లుగా సిస్టమ్స్ చూసుకునే పనిలో ఉన్నవాణ్ని కనుక రెండు పక్షాల వాళ్లూ నా బల్ల దగ్గరికే వస్తున్నారు. రెండు వైపులా నిజముంది. ఎటు ఎంత ఉందో తూచి చూడాలి.

ముందు డబ్బు లెక్క. ఏడాదికి 8,760 గంటలు. రోజుకు 9 గంటల చొప్పున 250 పనిదినాలు వేసుకుంటే మనిషి కంప్యూటరు ముందుండేది 2,250 గంటలు. మిగతా 6,510 గంటలూ ఆ కుర్చీ ఖాళీ. ఆ గంటలన్నిటా 43 వాట్ల చొప్పున పోతే 280 యూనిట్లు. వాణిజ్య కనెక్షన్ కాబట్టి యూనిట్‌కి పది రూపాయలు అనుకుంటే 2,800 రూపాయలు. 400 డెస్క్‌టాప్‌లున్న సంస్థలో పదింటికి నాలుగు ఇలా వదిలేస్తారనుకుందాం. 160 సిస్టమ్‌లు, 44,800 యూనిట్లు, దాదాపు నాలుగున్నర లక్షల రూపాయలు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ వెనక సగటున 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ ఉంటుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు చెబుతాయి. ఆ ప్రకారం 31 టన్నులకు పైమాటే. ఇది ప్లగ్గు దగ్గరి లెక్క మాత్రమే. ఈ సిస్టమ్‌లకు కరెంటు యూపీఎస్ మీదుగా వస్తుంది. యూపీఎస్‌లో కొంత వేడిగా పోతుంది, ఆ వేడిని తోడెయ్యడానికి యూపీఎస్ గదిలో ఏసీ రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. నా చేతిలోని మీటరుకు అదేమీ కనపడదు.

ఇది మన వాళ్ల నిర్లక్ష్యమే అనుకుంటే పొరపాటు. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు ఇరవయ్యేళ్ల కిందటే శాన్‌ఫ్రాన్సిస్కో, పిట్స్‌బర్గ్, అట్లాంటా నగరాల్లోని భవనాలను పని గంటలు అయిపోయాక తిరిగి చూశారు. మూడు డెస్క్‌టాప్‌లలో ఒకటి, అంతకు కాస్త ఎక్కువ, మాత్రమే ఆపేసి ఉన్నాయి. ఆపకుండా వదిలేసిన వాటిలో తమంతట తాము నిద్రలోకి వెళ్లినవి నూటికి పది కూడా లేవు. అప్పటికి నిద్రపుచ్చే సాంకేతికత కొత్తదేమీ కాదు. అమెరికా పర్యావరణ సంస్థ ఎనర్జీ స్టార్ ముద్రను 1992లో మొదలుపెట్టినప్పుడు తొలుత తీసుకున్నవే కంప్యూటర్లూ మానిటర్లూ. ఆపరేటింగ్ సిస్టమే యంత్రాన్ని నిద్రపుచ్చి లేపే ఏసీపీఐ ప్రమాణం 1996లో వచ్చింది. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషీబా కలిసి తెచ్చాయి. సదుపాయం ఇంత కాలంగా పెట్టెలోనే ఉంది. దాన్ని ఆన్‌లో ఉంచే బాధ్యత ఎవరిదో ఎవరూ తేల్చలేదు.

కేంద్రీకృత నిర్వహణ కావాలనే వాళ్ల అసలు బలం ఇక్కడుంది. 400 మందికి నెలకో మెయిల్ పంపి బతిమాలితే వారం రోజులు పనిచేస్తుంది. సెట్టింగు ముందే పెట్టి ఉంటే ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఏసీల విషయంలో మన దేశం ఇదే పద్ధతి పట్టింది. స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నియమం. కావలసినవాళ్లు రిమోట్ తీసుకుని 20కి తగ్గించుకోవచ్చు, ఎవరూ అడ్డుపడరు. ముట్టుకోనివాళ్లకు అది 24 దగ్గరే ఉండిపోతుంది. కంప్యూటరుకు అరగంట తర్వాత స్లీప్ పెట్టడం కూడా అలాంటిదే. దీనికి సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు కూడా. విండోస్ డొమైన్ ఉన్న ఏ ఆఫీసులోనైనా గ్రూప్ పాలసీలో నాలుగు గడులు నింపితే సరిపోతుంది.

ఇక రెండో పక్షం. వాళ్ల మొదటి మాట కూడా డబ్బు లెక్కే, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. నెలకు 40,000 జీతం ఉన్న ఉద్యోగి గంట ఖరీదు, 22 రోజులు, రోజుకు 8 గంటలు వేసుకుంటే, 227 రూపాయలు. రోజూ రాత్రి పూర్తిగా షట్‌డౌన్ చేయించామనుకోండి. పొద్దున పాత హార్డ్ డిస్క్ సిస్టమ్ లేచి, యాంటీవైరస్ తిరిగి, మెయిల్ తెరుచుకునే సరికి మూడు నిమిషాలు. ఏడాదికి పన్నెండున్నర గంటలు. అంటే 2,840 రూపాయలు. పైన మిగిల్చామన్న 2,800 ఇక్కడ పోయింది. ఆ మూడు నిమిషాల్లో మనిషి టీ తెచ్చుకుంటాడు, పక్కవాళ్లతో మాట్లాడతాడు, అదంతా నష్టం కింద కట్టడం అన్యాయమని నేనంటాను. అయినా ఈ లెక్క చూశాక పట్టుదలగా షట్‌డౌన్ కోరడం మానేశాను. స్లీప్ నుంచి లేవడానికి అయిదు సెకన్లు చాలు, ఏడాదంతా కలిపితే ఇరవై నిమిషాలు. ఈ వాదంలో చాలా గొడవ షట్‌డౌన్‌నీ స్లీప్‌నీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చింది. నిన్నటి ఎక్సెల్ ఫైళ్లు అయిదూ తెరిచినట్టే ఉండాలని కోరుకునే మనిషికి స్లీప్‌లో ఏ నష్టమూ లేదు, ఆ మాట ఎవరైనా కూర్చోబెట్టి చూపించాలి.

కానీ స్లీప్ కూడా అంత అమాయకమైనది కాదని నాకు తెలుసు. కొన్నేళ్ల కిందట వేరే చోట పనిచేస్తున్నప్పుడు ఇదే ఉత్సాహంతో అన్ని సిస్టమ్‌లకూ అరగంట స్లీప్ పాలసీ పెట్టాను. అన్నిటికీ అంటే అన్నిటికీ. డిజైన్ విభాగంలో ఒక కుర్రాడు శుక్రవారం సాయంత్రం ఒక నిర్మాణం లెక్క పెట్టి వెళ్లాడు. రెండు రాత్రులు నడిస్తే గానీ తేలని లెక్క. సోమవారం పొద్దున పదకొండింటికి టెండరు. విండోస్ చూసేది కీబోర్డూ మౌసూ కదిలాయా లేదా అనే. లోపల ప్రాసెసర్ ఎంత చెమటోడ్చుతున్నా దానికి పట్టదు. ‘పనిలో ఉన్నాను, నన్ను పడుకోబెట్టకు’ అని సాఫ్ట్‌వేరే విండోస్‌కి చెప్పుకోవాలి. అతను వాడే పాత ప్యాకేజీ చెప్పుకోలేదు. అరగంటకి యంత్రం పడుకుంది, లైసెన్స్ సర్వర్‌తో తీగ తెగింది, లెక్క చచ్చిపోయింది. సోమవారం ఎనిమిదింటికి వచ్చి తెర చూసుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ‘అన్నా, నేను ఆన్‌లోనే పెట్టి పోయాను గదా’ అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తప్పు పూర్తిగా నాదే. ఎవరు ఏ పని చేస్తారో అడక్కుండా అందరికీ ఒకే కొలత చొక్కా కుట్టాను. ఆ రోజు నుంచి, మినహాయింపుల జాబితా లేని పవర్ పాలసీని నేను పాలసీ కింద లెక్కపెట్టను.

దీనికి తలకిందుల జబ్బు ఇంకోటుంది. పడుకోవాల్సిన సిస్టమ్ పడుకోదు. ఎందుకో తెలుసుకోవడానికి విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ రిక్వెస్ట్స్ అనే చిన్న కమాండ్ ఉంది. నడిపితే ఎవరు మేలుకొలిపి ఉంచుతున్నారో పేరు పెట్టి చెబుతుంది. ఒకచోట బ్రౌజర్ ట్యాబులో మూలన మూగగా తిరుగుతున్న వీడియో. ఇంకోచోట ఆడియో డ్రైవర్. మరోచోట, నెట్‌వర్క్ మీద ఎవరో తెరిచి వదిలేసిన షేర్డ్ ఫైలు. సెంట్రల్ కన్సోల్‌లో మాత్రం ఆ సిస్టమ్‌లన్నిటి ఎదురుగా పచ్చ టిక్కు ఉంటుంది. ఆ టిక్కుకు అర్థం పాలసీ చేరిందని. యంత్రం పడుకుందని కాదు. పాలసీ చేరిన వాటి సంఖ్యను తీసుకెళ్లి ‘ఆదా అయిన యూనిట్లు’ కింద గుణించే నివేదికలు నేను చూశాను.

అప్‌డేట్ల సంగతి ఇంకా బరువైనది. భద్రత చూసుకునేవాళ్లు యంత్రాలు రాత్రి మేలుకొని ఉండాలంటారు, ప్యాచ్‌లు పడేది అప్పుడే కనుక. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడి దీనికి ఉదాహరణ. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. మే 12న దాడి మొదలైంది. మధ్యలో దాదాపు రెండు నెలల గడువున్నా ప్రపంచమంతటా లక్షల కంప్యూటర్లు ప్యాచ్ లేకుండానే దొరికిపోయాయి. బ్రిటన్ ఆసుపత్రుల నుంచి మన ఆంధ్రప్రదేశ్ పోలీసు స్టేషన్ల దాకా దెబ్బతిన్నాయి. ఒక్క రాత్రి అలాంటిది ఎదురైతే ఏళ్ల తరబడి మిగిల్చిన కరెంటు బిల్లు ఏ మూలకు? ఈ ప్రశ్న అడిగేవాళ్లను నేను గౌరవిస్తాను.

దానికి సాంకేతికంగా జవాబుంది. వేక్ ఆన్ ల్యాన్. పడుకున్న కంప్యూటరులో నెట్‌వర్క్ కార్డు మాత్రం కాసింత కరెంటుతో చెవి రిక్కించుకుని ఉంటుంది. దానికి ఒక ప్యాకెట్ పంపాలి. ముందు ఆరు బైట్ల సంకేతం, తర్వాత ఆ కార్డు సొంత చిరునామా వరసగా 16 సార్లు. తన పేరు పదహారుసార్లు పిలిస్తే గానీ లేవదన్నమాట. లేచాక ప్యాచ్ వేసుకుని మళ్లీ పడుకుంటుంది. కాగితం మీద ఇది చక్కటి పరిష్కారం. నేలమీద దానికి అడ్డంకులు చాలా. వైఫై మీదున్న ల్యాప్‌టాప్‌లతో నమ్మకంగా పనిచేయదు. బయోస్‌లో ఒక్కో సిస్టమ్‌కీ తెరిచిపెట్టాలి. అంతస్తుకో నెట్‌వర్క్ విడగొట్టి ఉంటే పిలుపు అవతలికి పోదు, స్విచ్‌లలో దారి ఇవ్వాలి.

అన్నీ సరిచేసి ఒక రాత్రి పరీక్ష పెడితే ఒక వరసలో పద్నాలుగు సిస్టమ్‌లు పలకలేదు. పొద్దున వెళ్లి చూస్తే గోడ స్విచ్‌లు ఆపేసి ఉన్నాయి. ఊడ్చే ఆవిడను అడిగాను. ‘నేనే బంద్ చేసిన సారూ. మనుషులు లేకున్నా దీపాలు ఎలుగుతున్నయి. ఊకనే కరెంటు పోతుంటే మనసొప్పలే’ అంది. ఆమెకు ఏ మెయిలూ రాలేదు, ఏ పోస్టరూ చదవలేదు. ఈ భవనంలో ఆ 45 వాట్ల గురించి నిజంగా బాధపడిన మనిషి ఆమే. సగంలో ఉన్న అప్‌డేట్ మధ్యలో గోడ స్విచ్ ఆపితే విండోస్ పాడయ్యే ప్రమాదముందని ఆమెకు చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు మనసు కష్టంగా అనిపించింది. ‘అట్లనా? మరి నాకు ముందుగాల జెప్పొద్దా’ అంది. చెప్పాల్సిందే. కరెంటు పొదుపు గురించి మేం పెట్టుకున్న ఆరు మీటింగుల్లో ఒక్కదానికీ ఆమెను పిలవాలని మాకు తోచలేదు.

యంత్రాల సంగతి ఇలా ఉంటే, నివేదిక సంగతి వేరు. ఈ రెంటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో అమ్ముతారు కాబట్టి ఒకటే అనుకుంటాం. నిద్రపుచ్చడానికి నివేదిక అవసరం లేదు. నివేదిక ఇచ్చినంత మాత్రాన ఏదీ నిద్రపోదు.

నివేదిక ఎందుకు కావలసి వస్తోందంటే, పైనుంచి అడుగుతున్నారు. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే బాధ్యతా నివేదిక ఇచ్చి తీరాలని సెబీ పెట్టింది. అందులో పర్యావరణం కింద మొత్తం కరెంటు ఎంత, ఇంధనం ఎంత, టర్నోవర్‌లో రూపాయికి ఎంత శక్తి ఖర్చయింది అన్నవి ఉంటాయి. యూనిట్లలో కాదు, జౌళ్లలో. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. మాది అంత పెద్ద కంపెనీ కాదు. కానీ మా క్లయింట్లు ఆ జాబితాలో ఉన్నారు, వాళ్ల సరఫరాదారులం కాబట్టి ప్రశ్నావళి మాదాకా వచ్చింది. ‘ఐటీ పరికరాల శక్తి వినియోగం’ అని అందులో ఒక గడి.

నివేదిక వద్దనే వాళ్ల వాదం ఇది. సెబీ అడిగింది సంస్థ మొత్తం లెక్క. అది కరెంటు బిల్లులో ఉంది, జనరేటర్ డీజిల్ రసీదుల్లో ఉంది. కంప్యూటర్ల వాటాను విడదీసి చెప్పమని చట్టమేదీ అడగలేదు. ఆఫీసులో పెద్ద ఖర్చు ఏసీది. మరి కంప్యూటరు కంప్యూటరుకీ లెక్క తీయడానికి అన్నిటి మీదా ఒక ఏజెంట్ సాఫ్ట్‌వేర్ పెట్టి, దానికో సర్వర్ పెట్టి, ఏడాదేడాది లైసెన్సు కట్టడం దేనికి? మా సంస్థలో సగానికి పైగా ల్యాప్‌టాప్‌లే. మూత తెరిచి వదిలేసినా పది వాట్లు, మూత వేస్తే ఒకటో రెండో. ఖాళీ గంటలన్నిటా వదిలేసినా ఏడాదికి ఒక్కోదాని మీద మిగిలేది అరవై యూనిట్ల లోపే. ఆరువందల రూపాయల కోసం లైసెన్సు ఎంతని కొనాలి? ల్యాప్‌టాప్‌ల వరకు ఈ వాదం సరైనదని ఒప్పుకుంటాను.

డెస్క్‌టాప్‌ల వరకు ఒప్పుకోను. భవనం బిల్లు ఒక్కటే చేతిలో ఉంటే, ఏప్రిల్‌లో బిల్లు పెరిగితే ఎండ అనుకుంటాం, ఆగస్టులో తగ్గితే వాన అనుకుంటాం. మనం చేసిన పని వల్ల ఏమైనా తగ్గిందా అన్నది అందులో మునిగిపోతుంది. విడదీసి చూడకపోతే ఏ ప్రయత్నం పనిచేసిందో తెలియదు, తెలియని ప్రయత్నం రెండో ఏడాది ఆగిపోతుంది. అయితే విడదీయడానికి మనిషి మనిషికీ మీటరు అక్కర్లేదు. అంతస్తుకు ఒక యూపీఎస్ ప్యానెల్ ఉంటుంది. దాని మీద సబ్‌మీటరు పెట్టి పగటి గీతనీ, రాత్రి గీతనీ, ఆదివారం గీతనీ పక్కపక్కన పెడితే ఎంత వృథా ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆ గీత ఎంత ఎత్తులో ఉందో చూడమని నేను ఎవరికైనా చెబుతాను. ఆ ఎత్తులో నెట్‌వర్క్ స్విచ్‌లూ కెమెరాలూ తీసేస్తే మిగిలేదంతా ఎవరూ వాడని కరెంటే.

సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకె కొలత కాదు, అంచనా. ఈ మాట గట్టిగా చెప్పాలి. చాలా సాఫ్ట్‌వేర్‌లు చేసేది మోడల్ పేరు చూసి, పట్టికలో దానికి రాసున్న వాట్లు తీసుకుని, మేలుకున్న గంటలతో గుణించడం. ఇంటెల్ ప్రాసెసర్లు 2011 నుంచి తమ ఖర్చు తాము చెప్పగలవు. కానీ అది ప్రాసెసర్ వరకే. తెర, డిస్కు, సిస్టమ్‌కి కరెంటు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లో పోయే వేడి అందులోకి రావు. నాకు అమ్మజూపిన ఒక నమూనా నివేదికలో ఒక్కో డెస్క్‌టాప్ ఏడాదికి 3,942 యూనిట్లు వాడుతున్నట్టు ఉంది. ఎక్కడిదా అంకె అని వెనక్కి లాగితే 450 వాట్లు, 8,760 గంటలు. 450 అన్నది ఎస్‌ఎంపీఎస్ వెనక స్టిక్కరు మీదుండే అంకె. గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో చెప్పేది. నా మీటరులో ఖాళీగా ఉన్న సిస్టమ్ 45 చూపింది. సరిగ్గా పదింతలు. దాని మీద ‘సంవత్సరానికి ఇంత ఆదా’ అని వేసి, రంగుల బొమ్మ గీసి, ఆ బొమ్మను వార్షిక నివేదికలోకి పంపితే అది అబద్ధమే అవుతుంది. ఎవరూ కావాలని చెప్పకపోయినా అబద్ధమే.

ఆదాను పోల్చడానికి తీసుకునే మొదటి లెక్క విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఆదా అంటే దేనితో పోల్చి? ఎవరూ ఎప్పుడూ ఏ కంప్యూటరూ ఆపని సంస్థ ఒకటి ఊహించుకుని దానితో పోలిస్తే, ఊరకే కూర్చున్నా లక్షల్లో ఆదా కనపడుతుంది. పాలసీ పెట్టకముందు కనీసం నెలరోజులు ఏమీ ముట్టుకోకుండా కొలవాలి. ఆ నెల ఓపిక పట్టడానికి ఎవరూ ఇష్టపడరు.

అంకె తక్కువగా చూపే పొరపాటూ ఉంది. యూనిట్‌కి 0.7 కిలోలన్నది ఏడాది సగటు. పగలు గ్రిడ్‌లో సోలార్ కరెంటు కలుస్తుంది, రాత్రి అది సున్నా, బొగ్గు వాటా పెరుగుతుంది. రాత్రిపూట పడుకోబెట్టిన కంప్యూటరు ఆపిన పొగ సగటు లెక్క చూపేదానికన్నా ఎక్కువే ఉండాలి. కాబట్టి సగటుతో గుణించి రాస్తే ఎవర్నీ మోసం చేసినట్టు కాదు, అంచనా అని పక్కనే రాసి ఉంటే.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం వేరే సంగతి. డెమో చూపించిన రోజు సాఫ్ట్‌వేర్‌లో ఒక పేజీ తెరిచారు. ప్రతి సిస్టమ్‌కీ ఒక అడ్డగీత. పొద్దున ఎన్నింటికి లేచింది, మధ్యలో ఎప్పుడెప్పుడు పడుకుంది, సాయంత్రం ఎన్నింటికి ఆగింది. గీత పక్కన మనిషి పేరు. గదిలో ఉన్న ఒక పెద్దాయన ముందుకు వంగి, ‘అంటే మధ్యాహ్నం ఎవరు ఎంతసేపు సీట్లో లేరో తెలిసిపోతుందన్నమాట’ అన్నారు. అప్పటిదాకా కరెంటు గురించి మాట్లాడుకున్నాం. ఆ ఒక్క మాటతో అది హాజరు పట్టీ అయిపోయింది.

దీన్ని సమర్థించేవాళ్ల మాటా విన్నాను. ‘ఆఫీసు సిస్టమ్, ఆఫీసు కరెంటు, ఆఫీసు సమయం, చూడకూడదనేముంది?’ అని. చట్టం కూడా వాళ్లకు పూర్తిగా అడ్డం కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఉద్యోగానికి సంబంధించిన కొన్ని అవసరాలకు విడిగా సమ్మతి అడక్కుండానే సమాచారం వాడుకునే వెసులుబాటు యజమానికి ఇచ్చింది. కాబట్టి హద్దు లోపలి నుంచే గీసుకోవాలి. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్పాను. మనిషి పేరుతో ఉన్న ఆ పేజీ కరెంటు తగ్గించడానికి ఒక్క వాటంత కూడా పనికిరాదు. కరెంటు వృథా అయ్యేది కుర్చీలో మనిషి లేని రాత్రి పూట. అప్పుడు ఎవరి సిస్టమ్ మేలుకుందో కాదు, ఏ సాఫ్ట్‌వేర్ దాన్ని మేలుకొలిపిందో కావాలి. పైగా తమ కంప్యూటరు పడుకుంటే తాము సీట్లో లేనట్టు రాస్తారని జనానికి తెలిస్తే వాళ్లు చేసే మొదటి పని దాన్ని పడుకోనివ్వకపోవడం. మౌసును దానంతట అదే కదిలించే పరికరాలు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి. కరెంటు పొదుపు కోసం తెచ్చిన పథకం వల్ల కంప్యూటర్లు రాత్రింబగళ్లు మేలుకుంటాయి. జనం నమ్మకం ఒకసారి పోతే, ఆ తర్వాత మనం పంపే ఏ సెట్టింగునూ వాళ్లు మంచి కోసం వచ్చిందనుకోరు.

మరికొన్ని సంగతులు ముక్తసరిగా. పాత డెస్క్‌టాప్‌లన్నీ తీసేసి కొత్త ల్యాప్‌టాప్‌లు ఇస్తే నివేదికలో అంకె అందంగా పడిపోతుంది. కానీ ల్యాప్‌టాప్ తయారీలోనే బోలెడంత కార్బన్ ఖర్చయిపోయి ఉంటుంది, అది మన కరెంటు మీటరులో కనపడదు. బాగున్న యంత్రాన్ని ఈ ఒక్క కారణంతో తీసెయ్యడం నాకు సమ్మతం కాదు. ఇంటినుంచి పనిచేసేవాళ్ల కరెంటు వాళ్ల ఇంటి బిల్లులోకి పోతుంది, సంస్థ లెక్కలో తగ్గినట్టు కనిపిస్తుంది. అంతకన్నా అన్యాయం, వాళ్లు ఇంట్లోంచి రిమోట్‌గా పట్టుకోవడానికి ఆఫీసులో డెస్క్‌టాప్ కూడా నడుస్తూనే ఉండటం. కోవిడ్ కాలంలో మొదలైన ఈ రెండు యంత్రాల ఏర్పాటు చాలాచోట్ల ఇప్పటికీ తీయలేదు. సర్వర్ల సంగతి ఎత్తుకుంటే ఇంకో వ్యాసం అవుతుంది. వాటిని క్లౌడ్‌కి పంపితే ఖర్చు వేరే వాళ్ల మీటరులోకి వెళ్తుంది, పోదు.

చివరికి మేం కుదుర్చుకున్నది ఇది. పెద్ద సాఫ్ట్‌వేర్ కొనలేదు. గ్రూప్ పాలసీతో డెస్క్‌టాప్‌లకు తెర పది నిమిషాలకు, స్లీప్ నలభై అయిదు నిమిషాలకు. మినహాయింపు కావలసినవాళ్లు ఎందుకో ఒక్క వాక్యంలో రాసి అడిగితే చాలు, ఎవరి సంతకమూ అక్కర్లేదు, మూడు నెలలకోసారి ఇంకా కావాలా అని మేమే అడుగుతాం. బుధవారం రాత్రి ఒకటింటికి అందర్నీ లేపి ప్యాచ్‌లు వేసి పడుకోబెడతాం. ఊడ్చే ఆవిడకు ఆ వారం పట్టిక తెలుగులో రాసిచ్చాం. మిగతా రాత్రుళ్లు మానిటర్ల స్విచ్‌లు ఆమె ఇష్టం. యూపీఎస్ ప్యానెళ్ల మీద మూడు సబ్‌మీటర్లు పెట్టాం. నివేదిక అంతస్తు వరకే వెళ్తుంది, మనిషి వరకు వెళ్లదు. క్లయింటు ప్రశ్నావళిలో మా అంకె పక్కన ‘యూపీఎస్ వద్ద కొలిచినది, నెట్‌వర్క్ పరికరాలు కలిపి’ అని రాశాం. ఆ అంకె ప్రకారం మా ఆదా పక్క కంపెనీ చూపే ఆదా ముందు చిన్నగా కనపడుతుందని మా సేల్స్ వాళ్లకు అసంతృప్తి ఉంది. పెద్ద సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ నిద్రపోని యంత్రాల వేట చేత్తో చేయాల్సి వచ్చేది కాదన్నదీ నిజమే. వేల సిస్టమ్‌లున్న చోట నేనూ అదే కొనమంటానేమో.

మొన్న సోమవారం రాత్రి మళ్లీ రెండో అంతస్తు తిరిగాను. 62లో 8 నడుస్తున్నాయి. అయిదింటికి మినహాయింపు ఉంది, డిజైన్ వాళ్లవి మూడు, రాత్రిపూట బ్యాకప్ తీసుకునేవి రెండు. అకౌంట్స్ మేడమ్ సిస్టమ్ పడుకుని ఉంది, పక్కన మీటరు 2 దగ్గర. మిగిలిన మూడూ ఎందుకు మేలుకున్నాయో వెతుకుతున్నాను. ఒకదాంట్లో పాత ప్రింటర్ డ్రైవర్ దొరికింది, తీసేశాను. రెండోదాంట్లో రెండు నెలల కింద రాజీనామా చేసి వెళ్లిపోయిన వాళ్ల లాగిన్ ఇంకా తెరిచే ఉంది. మూడోది ఇంకా తేలలేదు.